ఓడిపోగల లెక్క

మనిషి ఆలోచన రెండు రకాలన్న మాట ఇప్పుడు మేనేజ్‌మెంట్ క్లాసుల నుంచి వాట్సాప్ దాకా పాకింది. తటాలున తట్టేది ఒకటి, తీరుబడిగా కూర్చుని తేల్చేది ఇంకొకటి. దీన్ని గణితంలో పెట్టొచ్చా, పెడితే ఏ గణితంలో అన్నది ఇక్కడ వాదం. వాదిస్తున్నది తెనాలిలో రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన దగ్గర డిగ్రీ చదివి హైదరాబాదులో మనస్తత్వ పరిశోధనలోకి వెళ్ళిన శారద. ఇద్దరూ కల్పితులు. వాళ్ళ నోట వచ్చే పేర్లూ ఏళ్ళూ కల్పితం కావు. లెక్కను శంకించేది మనస్తత్వం చదివిన అమ్మాయే అనుకుంటాం. కాదు, మాస్టారే.

మాస్టారు: మీ వాళ్ళందరూ చెప్పే మొదటి లెక్కే తీసుకుందాం. బ్యాటూ బంతీ కలిపి 110 రూపాయలు. బంతి కన్నా బ్యాటు 100 రూపాయలు ఎక్కువ. బంతి ఎంత? ఎవణ్ణి లేపి అడిగినా పది అంటాడు. బంతి పదైతే బ్యాటు 110, రెండూ కలిపి 120 అయిపోయె. జవాబు అయిదు. సర్వీసంతా ఈ 'పది'ని చూస్తూ గడిపినవాణ్ణి. దీనికో సిద్ధాంతం కావాలటమ్మా?

శారద: అందరికీ తెలిసినదాన్ని షేన్ ఫ్రెడరిక్ కొలిచాడు మాస్టారూ. 2005లో మూడే మూడు ప్రశ్నల పరీక్ష వేశాడు, అందులో ఇదొకటి. హార్వర్డ్, ఎం.ఐ.టి., ప్రిన్స్‌టన్ విద్యార్థుల్లోనే సగం మందికి పైగా తప్పు చెప్పారని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కానమన్ తన పుస్తకంలో రాశాడు. తెలివి లేక కాదు. మొదటి జవాబు అంత నున్నగా వచ్చేసరికి మళ్ళీ చూసుకోబుద్ధి కాలేదు.

మాస్టారు: 2011 నాటి ఆ పుస్తకం నేనూ చదివాను. సిస్టమ్ వన్ చురుకైనవాడు, సిస్టమ్ టూ బద్ధకస్తుడు. వీడు తొందరపడి ఏదో అంటాడు, వాడు కునికిపాట్లు పడుతూ తలూపుతాడు. బాగుంది. అన్నదమ్ముల కథలా ఉంది.

శారద: అవి కల్పిత పాత్రలేనని కానమనే రాశాడు. ఆ పేర్లూ ఆయనవి కావు, 2000లో స్టానొవిచ్, వెస్ట్ పెట్టారు. పైగా కథ అన్నిచోట్లా నిలబడటం లేదు. 'పది' అన్నవాళ్ళను నీ జవాబు మీద నీకెంత నమ్మకం అని 2013లో డి నేస్ బృందం అడిగింది. మెలిక లేని మామూలు లెక్క చేసినప్పటికన్నా వాళ్ళ నమ్మకం తగ్గింది. అంటే తప్పు చెప్పినవాడికీ లోపలెక్కడో పీకుతోంది. కునికిపాట్ల కథలో ఈ పీకుడుకు చోటు లేదు. అందుకే కథ చాలదు, లెక్క కావాలంటున్నాను.

మాస్టారు: కథకు గ్రీకు అక్షరాలు తొడిగినంత మాత్రాన లెక్కైపోదు. నా ప్రశ్న ఒకటే. నీ లెక్క 'ఇలా జరగడానికి వీల్లేదు' అని దేన్ని గురించి చెబుతుంది? ఏం జరిగితే అది ఓడిపోయినట్టు? అది చెప్పు, మిగతాది తర్వాత వింటాను.

శారద: సరే. అబ్రహాం వాల్డ్ తెలుసుగా మీకు.

మాస్టారు: తెలియకేం. యుద్ధకాలంలో కొలంబియాలో కూర్చుని, సరుకు పరీక్ష ఎంతదాకా చేసి ఎక్కడ ఆపాలో లెక్క కట్టినవాడు. 1950 డిసెంబరులో మన దేశానికి ఉపన్యాసాలివ్వడానికి వచ్చి, నీలగిరి కొండల్లో విమానం కూలి భార్యతో సహా పోయాడు. పాపం, యాభై ఏళ్ళు కూడా లేవు.

శారద: ఆయన లెక్కే. వచ్చిన లోడులోంచి ఒక్కొక్కటే తీసి చూస్తాం. ప్రతిదీ 'బాగుంది' వైపో 'బాగాలేదు' వైపో ఒక అడుగు. పైన ఒక గీత, కింద ఒక గీత. ఏది తగిలితే ఆ తీర్పు, తగిలేదాకా చూస్తూ పోవడమే. తప్పుల వాటా ఇంత మించకూడదని ముందే కట్టుబడితే, సగటున ఇంతకన్నా తక్కువ సరుకు చూసి తేల్చే పద్ధతి మరొకటి లేదని 1948లో వాల్డ్, వోల్ఫోవిట్జ్ నిరూపించారు. రోజర్ రాట్‌క్లిఫ్ 1978లో ఈ నడకనే మనిషి జ్ఞాపకానికి పెట్టాడు. తెర మీద ఒక మాట పడుతుంది. ఇందాక చూపించిన జాబితాలో ఉందా, లేదా? లోపల ఆధారం తూలుతూ తడబడుతూ అటో ఇటో నడుస్తుంది. గీతలు దగ్గరగా పెట్టుకుంటే జవాబు త్వరగా వస్తుంది, తప్పులూ పెరుగుతాయి. దూరంగా పెట్టుకుంటే ఆలస్యం, కానీ నికరం.

మాస్టారు: ఆగమ్మా. అయితే తొందరకూ నిదానానికీ యంత్రం ఒకటే, గీత జరిగిందంతే. మరి నీ సిస్టములు రెండూ ఏమైనట్టు?

శారద: ఈ రకం పనుల్లో రెండు అక్కర్లేదు. లెక్క కట్టాకే ఆ సంగతి తెలిసింది. ఇంకొకటి వినండి. పెద్ద వయసువాళ్ళు ఇలాంటి పరీక్షల్లో నెమ్మదిగా జవాబిస్తారు. బుర్ర మందగించిందనుకునేవాళ్ళు. రాట్‌క్లిఫ్ బృందం జవాబుల కాలాలనూ తప్పులనూ కలిపి ఈ లెక్కలో పెట్టి చూస్తే, చాలా పరీక్షల్లో ఆధారం పోగయ్యే వేగం కుర్రాళ్ళతో ఇంచుమించు సమానంగానే తేలింది. కళ్ళకూ చేతికీ పట్టే సమయం కొంత పెరిగింది, గీతలు దూరం జరిగాయి. తప్పు చెప్పకూడదన్న పట్టుదల అన్నమాట.

మాస్టారు: నన్ను మెచ్చుకుంటున్నావో ఓదారుస్తున్నావో గానీ, విషయం బాగుంది. ఇది ఎక్కడ ఓడింది?

శారద: మొదట్లోనే. నడక ఎటూ మొగ్గకుండా మధ్యలో మొదలై, ఆధారం ఎప్పుడూ ఒకే వేగంతో పోగవుతుంటే, తప్పు జవాబుకూ ఒప్పు జవాబుకూ పట్టే కాలం ఒకేలా ఉండి తీరాలి. వాల్డ్ నడకలో అది తప్పించుకోలేని ఫలితం. మనుషులు అలా లేరు. జాగ్రత్తగా చెయ్యమంటే తప్పులు ఒప్పుల కన్నా ఆలస్యంగా వచ్చాయి. తొందరపెడితే ముందే వచ్చాయి. దాంతో లెక్క మార్చాల్సి వచ్చింది. ఆధారం వేగం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుందంటే ఆలస్యపు తప్పులు వస్తాయి, నడక మొదలయ్యే చోటు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుందంటే తొందర తప్పులు వస్తాయి.

మాస్టారు: అతుకులు వేశారు.

శారద: అతుకులే. కానీ ఏ అతుకు ఏ చిరుగుకో చెప్పారు. రెండింటినీ తారుమారు చేస్తే అంకెలు కుదరవు.

మాస్టారు: పోనీలే, ఒప్పుకుంటున్నాను. ఓడింది గనకనే ఒప్పుకుంటున్నాను. కానీ ఇదంతా ఒకటి రెండు సెకన్లలో తేలిపోయే 'ఉందా లేదా' బేరం. బ్యాటూ బంతీ లెక్క దీనికి అందదు.

శారద: అందదు. అందుకే ఇంకాస్త నైరూప్యమైన గణితంలోకి వెళ్తున్నాను. పి-ఆడిక్ సంఖ్యలు.

మాస్టారు: హెన్సెల్ సంఖ్యలా! 1897 నాటివి. నంబర్ థియరీ వాళ్ళ ఇంటి ఆస్తి. వాటికి మనసుతో ఏం పని?

శారద: ఆండ్రీ ఖ్రెన్నికోవ్ అని, స్వీడన్‌లో వెక్షో ఊళ్ళో పనిచేసే గణితజ్ఞుడు. మనకు తెలియకుండా నడిచే ఆలోచనను పి-ఆడిక్ లెక్కగా రాయొచ్చని 1990ల నుంచీ అంటున్నాడు. దగ్గర, దూరం అన్న మాటలకే అక్కడ అర్థం మారిపోతుంది. పిన్‌కోడ్ చూడండి. తెనాలి 522తో మొదలవుతుంది, విజయవాడ 520తో. మొదటి రెండు అంకెలూ కలిశాయి కాబట్టి ఒక మేరకు దగ్గర. హైదరాబాదు 500, మొదటి అంకె ఒక్కటే కలిసింది కాబట్టి ఇంకా దూరం. ముందునుంచి ఎన్ని అంకెలు కలిస్తే అంత దగ్గర. అంకె అంకెకూ కొమ్మలు చీలే చెట్టు లాంటిదన్నమాట. పి-ఆడిక్ దూరమూ ఇదే తరహా. రెండు సంఖ్యల తేడాను పి అన్న ప్రధాన సంఖ్య ఎన్నిసార్లు నిశ్శేషంగా భాగిస్తే అవి అంత దగ్గర. పిగా 7ను తీసుకుంటే 2కూ 345కూ తేడా 343, అంటే ఏడు ఏళ్ళ నలభై తొమ్మిది, దాన్ని మళ్ళీ ఏడు పెట్టి హెచ్చించినది. అంచేత వాటి మధ్య దూరం 343లో ఒక వంతే. పక్కపక్కన కూర్చున్న 2, 3 మధ్య దూరం మాత్రం 1.

మాస్టారు: ఇది నాకు చెప్పాలా! ఊఁ, కానీ.

శారద: ఇప్పుడొక యంత్రం. ఏ సంఖ్య ఇచ్చినా దాన్ని ఏడో ఘాతానికి ఎత్తుతుంది, వచ్చినదాన్ని మళ్ళీ ఎత్తుతుంది. 2 ఇస్తే 128. దాన్ని 49తో భాగిస్తే శేషం 30. ఇప్పుడు 9 ఇవ్వండి.

మాస్టారు: తొమ్మిది ఏడో ఘాతం... 47,82,969. నలభై తొమ్మిదితో భాగిస్తే, ఊఁ, 30.

శారద: 16?

మాస్టారు: 26,84,35,456. శేషం మళ్ళీ 30. అవ్వాలి మరి. 2, 9, 16 మూడూ ఏడుతో భాగిస్తే 2 మిగిలే జట్టు. ఎన్నిసార్లు తిప్పినా ఈ జట్టంతా ఒక్క బిందువు వైపే పోతుంది. 3 మాత్రం 2,187 అవుతుంది, శేషం 31, దాని దారి వేరు. మొత్తం ఏడు జట్లు, ఏడు గమ్యాలు.

శారద: ఖ్రెన్నికోవ్ చెప్పేది ఇదే మాస్టారూ, కొంచెం పెద్ద భాషలో. తెలిసి ఆలోచించే మనసు ఒక మొదటి బిందువును లోపలికి పంపుతుంది. లోపల యంత్రం తిరిగి తిరిగి ఒక గమ్యంలో ఆగుతుంది. ఆగినది జవాబుగా పైకి వస్తుంది, తిరిగిన దారి మనకు కనపడదు. '110, 100' అన్న అంకెలు చెవిన పడగానే ప్రశ్న మొదటి అంకెతోనే 'తీసివేత' జట్టులో పడింది. వెనక వచ్చే 'కన్నా ఎక్కువ' అన్న మాట ఎన్నో అంకెలోనో ఉంది. అది గమ్యాన్ని మార్చలేదు. ముందస్తు అభిప్రాయాలు ఎందుకంత మొండివో కూడా ఇందులో కనిపిస్తుంది. ఖ్రెన్నికోవ్ బ్యాటూ బంతీ గురించి రాశాడని కాదు, ఇది నా అన్వయం.

మాస్టారు: అందంగా ఉంది తల్లీ. నేను క్లాసులో చెప్పి ఉండాల్సింది. కానీ నా ప్రశ్న అక్కడే ఉంది. ప్రశ్నలో మొదటి అంకె ఏదో ఎవరు తేల్చారు? జవాబు చూశాక నువ్వే తేల్చావు. 'అయిదు' అన్నవాడు ఎదురైతే, వాడి చెట్టులో 'కన్నా ఎక్కువ' మొదటి కొమ్మ అంటావు. ఇలాగైతే ఎవడేం చెప్పినా నీ లెక్క గెలుస్తుంది. ఎప్పుడూ గెలిచే లెక్క నాకొద్దు.

శారద: నిషేధం ఉంది మాస్టారూ. ఈ దూరాల్లో ఏ మూడు బిందువులు తీసుకున్నా త్రిభుజం సమద్విబాహువే. పెద్దవైన రెండు భుజాలూ సమానం. మనుషులను అడిగి ఏ మూడు విషయాల మధ్య ఎంత పోలికో రాబట్టి సరిచూడొచ్చు.

మాస్టారు: చూశారా?

శారద: దగ్గరి పనే చేశారు. 1982లో ప్రుజాన్‌స్కీ, ట్వెర్‌స్కీ, కరోల్ ఇలాంటి పోలికల అంకెలు చాలా సేకరించి, పటం మీద బాగా కుదురుతాయా, చెట్టు మీద బాగా కుదురుతాయా అని చూశారు. రంగులు, శబ్దాల వంటివి పటం మీద బాగా కుదిరాయి. జంతువులు, పళ్ళ వంటి భావాలు చెట్టు మీద.

మాస్టారు: ఏ చెట్టు? నీ పి-ఆడిక్ చెట్టులో ఆకులన్నీ వేరు నుంచి ఒకే ఎత్తులో ఉండాలి. అప్పుడేగా త్రిభుజాలన్నీ సమద్విబాహువులయ్యేది! కొమ్మ ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే నీ నియమం పోయింది.

శారద: వాళ్ళది పొడుగూ పొట్టీ ఒప్పుకునే చెట్టే.

మాస్టారు: చూశావా. ఇంకొకటి అడుగుతాను. ఇందులో ఇటు నుంచి అటు ఎంతో, అటు నుంచి ఇటూ అంతే కదా? కానమన్‌తో జంటగా పనిచేసిన ఆ ట్వెర్‌స్కీయే 1977లో ఏం చూపించాడు? ఉత్తర కొరియా చైనాలా ఉందనడానికి ఒప్పుకున్నంతగా చైనా ఉత్తర కొరియాలా ఉందనడానికి జనం ఒప్పుకోరు. పోలికకు దిశ ఉంది. దూరానికి దిశ లేదు. పి-ఆడిక్ అయినా, స్కేలు పెట్టి కొలిచినా అంతే.

శారద: ఆ దెబ్బకు నా దగ్గర జవాబు లేదు. దూరంతో పాటు ఇంకేదో చేర్చాలి.

(నా మాట ఒకటి. పి-ఆడిక్ మీద మాస్టారు కఠినంగా మాట్లాడారని అనిపించవచ్చు. నాకు అనిపించలేదు. ఏడో ఘాతం లెక్క చూసి ముచ్చట పడినంత సేపూ అది మనసు గురించి ఏమీ చెప్పలేదు, సంఖ్యల గురించే చెప్పింది. ఆ ముచ్చటే ఇక్కడి ప్రమాదం.)

శారద: ఇంకొకటి ఉంది. మీరు ముందే నవ్వకండి. క్వాంటం.

మాస్టారు: నవ్వను. కానీ ఈ మధ్య సబ్బు నుంచి చక్రధ్యానం దాకా అన్నీ క్వాంటమే.

శారద: మెదడులో ఎలక్ట్రాన్లు ఏదో చేస్తున్నాయని ఈ పని చేసే బుసెమేయర్ లాంటివాళ్ళు అనరు. 2012లో బ్రూజాతో కలిసి రాసిన పుస్తకంలో ఆయన తీసుకున్నది క్వాంటం వాళ్ళ సంభావ్యతా నియమాలు మాత్రమే. మీ కోసం నిషేధం ఉన్న ఫలితమే తెచ్చాను. 1997లో అమెరికాలో గాలప్ సర్వే. అప్పటి అధ్యక్షుడు క్లింటన్ నిజాయితీపరుడా? ఉపాధ్యక్షుడు గోర్ నిజాయితీపరుడా? సగం మందిని ముందు క్లింటన్ గురించి, తర్వాత గోర్ గురించి అడిగారు. మిగతా సగాన్ని తారుమారుగా. ముందు అడిగినప్పుడు క్లింటన్‌కు 50 శాతం అవునన్నారు, గోర్‌కు 68. రెండో ప్రశ్నగా అడిగినప్పుడు క్లింటన్ 57కు పెరిగాడు, గోర్ 60కి తగ్గాడు. 18 తేడా కాస్తా 3 అయింది.

మాస్టారు: పక్కన ఎవరున్నారో చూసి మాట్లాడతాం. అందులో వింతేముంది?

శారద: వరుస మారితే జవాబు మారడం వింత కాదు. ఎంత మారొచ్చన్నదానికి హద్దుండటం వింత. ఈ లెక్కలో అభిప్రాయం ఒక బాణం. ప్రశ్న అడగడమంటే ఆ బాణాన్ని ఒక గీత మీదికి వాల్చడం. రెండో ప్రశ్నకు బాణం మొదట వాలిన చోటినుంచే బయల్దేరుతుంది, అందుకే వరుసకు విలువ. ముందే తీరుబడిగా ఆలోచించి ఇద్దరినీ ఒకే చట్రంలో పెట్టుకున్నవాడికి వరుస అడ్డురాదు. అప్పటికప్పుడు జవాబు తయారుచేసుకునేవాడికి అడ్డొస్తుంది. తొందరకూ నిదానానికీ తేడాను నేను ఇక్కడ చూస్తున్నాను. ఇక నిషేధం. రెండింటికీ ఒకే జవాబు, అంటే అవును-అవును లేదా కాదు-కాదు అన్నవాళ్ళ మొత్తం వాటా వరుస మార్చినా మారకూడదు. విడివిడి అంకెలు ఎంతైనా ఊగొచ్చు, ఈ మొత్తం ఊగకూడదు. సర్దుకోవడానికి మీట ఒక్కటి కూడా లేదు. 2014లో వాంగ్, బుసెమేయర్, వాళ్ళ సహచరులు 70 జాతీయ సర్వేల మీద పెట్టి చూశారు. నిలిచింది.

మాస్టారు: ఒక్కటీ తప్పలేదా?

శారద: అంతకు ముందు తెలిసినవాటిలో ఒకటి తప్పింది. ఇద్దరు బేస్‌బాల్ ఆటగాళ్ళ మీద అడిగిన ప్రశ్నలు. వాటిలో ప్రశ్నతో పాటు ఆ ఆటగాడి గురించి కొంత సమాచారం చెప్పారు. మధ్యలో కొత్త కబురు చేరితే ఈ సమానత్వం పనిచెయ్యదని లెక్కే చెబుతుంది.

మాస్టారు: ఇది నాకు కావలసిన మాట. మీట లేదు, ముందే చెప్పారు, తప్పితే దొరికిపోతారు. కానీ ఒక్క మెలిక. ఈ సమానత్వం రావడానికి క్వాంటమే కావాలా? ఇలా ఊహించు. కొంతమంది రెండో ప్రశ్నకు నిజంగా ఆలోచించకుండా మొదటి జవాబునే మళ్ళీ అనేస్తారు. అలాంటివాళ్ళ వాటా రెండు వరుసల్లోనూ సమానం. మిగతావాళ్ళకు వరుస పట్టదు. అప్పుడూ నీ మొత్తం కదలదు, లెక్క కట్టి చూడు.

శారద: కట్టారు మాస్టారూ. కెలెన్, సింగ్‌మాన్, బాచెల్డర్ 2018లో రాశారు. మామూలు సంభావ్యతతోనే ఆ సమానత్వాన్ని తెచ్చే నమూనాలు ఉన్నాయని.

మాస్టారు: అదిగో. దొంగ దొరికాడు గానీ పేరు తెలియలేదు. సమానత్వం నిజమే, దాన్ని పుట్టించిన యంత్రం ఏదన్నది తేలలేదు. అలాంటప్పుడు 'మనసు క్వాంటం' అని శీర్షిక పెట్టడం అబద్ధం.

శారద: కానీ ఆ సమానత్వం ఉందని ఎవరికి తట్టింది? సర్వేలు దశాబ్దాలుగా బీరువాల్లో ఉన్నాయి. వరుస ప్రభావం మీద బోలెడు వ్యాసాలొచ్చాయి. అవును-అవును, కాదు-కాదు అంకెలు రెండూ కలిపి చూడమని చెప్పింది బాణాల లెక్క. మామూలు నమూనాలు తర్వాత వచ్చి 'మేమూ చెప్పగలం' అన్నాయి. నైరూప్య గణితం వల్ల ఒరిగేది ఏమిటంటారు, ఇదే. ఎక్కడ వెతకాలో చెబుతుంది.

మాస్టారు: వెతికే చోటు చెప్పిందని కూలి ఇస్తాను. పట్టా ఇవ్వను.

శారద: కూలి చాలు.

వాళ్ళిద్దరూ ఇంతకు మించి దగ్గరకు రారు. నన్నడిగితే పట్టా విషయంలో మాస్టారే సరి. కానీ శారద అన్న ఆ ఒక్క సమానత్వాన్ని పరీక్షించడానికి స్వీడనూ అమెరికా అక్కర్లేదు. ఇది చదివేవాళ్ళలో కాలేజీ అధ్యాపకులుంటే వాళ్ళకో పని. 'మన మునిసిపాలిటీ బాగా పనిచేస్తోందా?', 'మన ఎమ్మెల్యే బాగా పనిచేస్తున్నారా?' అని రెండు ప్రశ్నలు, కాగితానికి చెరో వైపు ఒక్కోటి. సగం మందికి ఒక వరుస, సగం మందికి తారుమారు. ఎవరికే కాగితమో చీటీ తీసి ఇవ్వాలి. అవును, కాదు తప్ప మూడో జవాబు లేదు, మధ్యలో వివరణ లేదు. ఒక్కో గుంపులో కనీసం మూడు నాలుగు వందల మంది లేకపోతే లెక్క నిలవదు కాబట్టి రెండు మూడు కాలేజీలు కలవాలి. కాగితాలు తిరగెయ్యక ముందే, ఎంత తేడా వస్తే సిద్ధాంతం ఓడినట్టో బోర్డు మీద రాసిపెట్టండి. ఆ తర్వాతే రెండింటికీ ఒకే జవాబు ఇచ్చినవాళ్ళను లెక్కపెట్టండి. ఏమొచ్చినా పత్రికకు రాయండి. తేడా వస్తే మరీ ముందు రాయండి.